నీహారికలలో ఆమ్లజనిని కొలుచుట యెట్లు?

మనము పీల్చు గాలిలోను, త్రాగు నీటిలోను ఉన్న ఆమ్లజని భూమిపై పుట్టినది కాదు. అది పూర్వపు నక్షత్రముల గర్భములలో తయారై, అవి పేలినపుడు ఆకాశమున వెదజల్లబడినది. కావున ఒక గెలాక్సీలో ఆమ్లజని ఎంత ఉన్నదో తెలిసికొనుట, అచట నక్షత్రములు ఎంతగా పుట్టి గతించినవో లెక్క తీయుట వంటిది. కాని లక్షల, కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్న వాయువును సీసాలో పట్టి తేలేము. మనకు చేరునది వెలుగు మాత్రమే.

1864లో విలియం హగ్గిన్స్ అను ఆంగ్లేయుడు ఒక నీహారిక వెలుగును వర్ణపటదర్శినితో చూచెను. ఇంద్రధనుస్సు వంటి పట్టీకి మారుగా కొన్ని ప్రకాశరేఖలు మాత్రమే కనిపించెను. ఆ నీహారిక వాయుమయమని తేలెను. నాలుగేండ్లకు, 1868 ఆగస్టు 18న, మన గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించిన జాన్సెన్ సూర్యుని అంచునందలి జ్వాలలను గూర్చియు ఇట్లే నిర్ణయించెను. అయితే హగ్గిన్స్ చూచిన ఆకుపచ్చ రేఖ తెలిసిన ఏ మూలకమునకును సరిపడలేదు. తరువాత దానికి ‘నెబ్యూలియం’ అను క్రొత్త పేరు పెట్టిరి. 1927లో ఐరా బోవెన్ చిక్కు విప్పెను: అది రెండు ఎలెక్ట్రానులను కోల్పోయిన ఆమ్లజనియే. భూమిపై పరమాణువులు ఎడతెగక ఢీకొనుచుండుటచే ఆ రేఖ వెలువడదు. అతి పలుచనైన నీహారికలో వెలువడును.

రేఖ ఎంత ప్రకాశించిన ఆమ్లజని అంత ఎక్కువ అనుకొందమా? అది పొరపాటు. వేడి నక్షత్రముల అతినీలలోహిత కిరణములు వాయువునుండి ఎలెక్ట్రానులను విడదీసి వేడెక్కించును. ఆ ఎలెక్ట్రానులు ఆమ్లజనిని తాకగా రేఖ వెలుగును. ఆ వెలుగుతో వేడి బయటికి పోవును. అందుచే ఆమ్లజని మెండుగా నున్న నీహారిక చల్లబడును. మిక్కిలి చల్లబడిన పిదప ఆకుపచ్చ రేఖయు మందగించును. కలిమిగల యింట దీపము చిన్నదైనట్లు! కనుక ముందుగా ఉష్ణోగ్రత తెలియవలెను.

ఇందుకు ఉష్ణమాపకము కూడ ఆమ్లజనియే. ఆకుపచ్చ రేఖ తరంగదైర్ఘ్యము 5007 ఆంగ్‌స్ట్రాములు. 4363 వద్ద మరియొక నీలి ఊదా రేఖ కలదు. దీనిని వెలిగించుటకు ఎలెక్ట్రాను మరింత బలముగా తాకవలెను. అట్టివి వేడి వాయువులోనే అధికము. ఈ రెండు రేఖల నిష్పత్తియే ఉష్ణోగ్రతను చెప్పును. అది సాధారణముగా పదివేల డిగ్రీల చెంత నుండును. పిదప ఆమ్లజని రేఖలను ఉదజని రేఖతో పోల్చి, ఒక్క ఎలెక్ట్రానునే కోల్పోయిన ఆమ్లజనిని కూడ చేర్చి, మొత్తము తేల్చుదురు. కాని ఊదా రేఖ తరచు ఆకుపచ్చ రేఖలో నూరవ వంతైనను ఉండదు. ఆమ్లజని అధికమైన చోటనే అది బొత్తిగా కనబడకపోవును!

1942లో లారెన్స్ ఆలర్, మెస్సియే 33 అను సర్పిల గెలాక్సీలో కేంద్రమునుండి అంచునకు పోవుకొలది నీహారికల రేఖలు మారుచుండుట గమనించెను. 1971లో లెనర్డ్ సెర్ల్ కారణము చూపెను: లోపల ఆమ్లజని ఎక్కువ, వెలుపల తక్కువ. సుమారు రెండు కోట్ల కాంతి సంవత్సరముల దూరమందలి మెస్సియే 101లోను ఇదే వరుస. లోపలి భాగమున నక్షత్రములు ముందుగాను, మెండుగాను పుట్టి గతించినవని దీనివలన ఊహింతురు.

కొలత ముగిసినదని తలపరాదు. ఆమ్లజని అయానులు ఎలెక్ట్రానులను తిరిగి గ్రహించునపుడు వెలువడు మిక్కిలి సన్నని రేఖలతో లెక్కించినచో, అదే నీహారికలో సుమారు రెట్టింపు ఆమ్లజని తేలుచున్నది. నీహారికలో ఉష్ణోగ్రత అంతటను ఒక్కటిగా లేకపోవుటయే కారణమని కొందరందురు. ఏ తూకము సరియైనదో నిర్ణయమగువరకు, మన ఊపిరి పుట్టుకను గూర్చిన ఈ లెక్క పూర్తి కాదు.