ఫోన్‌లోనే బిల్లు ఎడిట్ చేస్తున్నారా? ఆ 'ఈఐఎన్' బాక్స్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి

కాఫీ గింజలు ఎండబెట్టడం అయిపోయాక గూడెం కొత్తవీధి వైపు రైతు సంఘాలకు ఇంకో పని మొదలవుతుంది. అదే బిల్లులు రాయడం. అందరికీ కంప్యూటర్ ఉండదు కాబట్టి చాలామంది ఫోన్‌లోనే కానిచ్చేస్తారు. గూగుల్‌లో 'ఫ్రీ ఇన్‌వాయిస్ టెంప్లేట్' అని కొట్టి, దొరికినదాన్ని డౌన్‌లోడ్ చేసి పేర్లు మార్చేయడమే. అందులో 'ఈఐఎన్' అని ఒక బాక్స్ కనిపిస్తుంది. అక్కడ ఏం వేయాలి?

ఏమీ వేయక్కర్లేదు. అది అమెరికా టెంప్లేట్. ఈఐఎన్ అంటే ఎంప్లాయర్ ఐడెంటిఫికేషన్ నంబర్, అక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే 9 అంకెల నంబర్. 'ఫీజు కట్టండి, ఈఐఎన్ తీసిస్తాం' అనే సైట్లు కనిపిస్తే పట్టించుకోకండి. ఐఆర్ఎస్ దాన్ని ఉచితంగానే ఇస్తుంది.

మరి మన నంబర్లు ఏవి?

ఆ బాక్స్‌లో మన దగ్గర ఉండాల్సింది జీఎస్టీఐఎన్. ఇందులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడ్: ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. ఆ తర్వాతి పది మీ పాన్ నంబరే. అంటే జీఎస్టీఐఎన్ చూస్తే పాన్ తెలిసిపోతుంది. సొంత భూమిలో పండినది అమ్ముకునే రైతుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కాబట్టి ఆ బాక్స్ డిలీట్ చేసేయండి. సంఘం కొని అమ్మితే లెక్క వేరు, ఆడిటర్‌ని అడగాల్సిందే.

ఇక ఈఐఎన్‌కి మన దగ్గర దగ్గరి చుట్టం టాన్. ఇది జీతాలు, కాంట్రాక్టు చెల్లింపుల్లోంచి టీడీఎస్ కోసేవాళ్ల నంబర్. పాన్‌లాగే పది ఉంటాయి కానీ వరుస వేరు: పాన్‌లో 5 అక్షరాలు, 4 అంకెలు, 1 అక్షరం. టాన్‌లో 4 అక్షరాలు, 5 అంకెలు, 1 అక్షరం. చిన్న స్క్రీన్ మీద ఒకదాని బదులు ఇంకోటి పేస్ట్ చేయడం చాలా తేలిక.

కంపెనీగా రిజిస్టర్ అయిన రైతు సంఘం లారీ కాంట్రాక్టర్‌కి ఒకేసారి 30 వేలు దాటి ఇస్తే సాధారణంగా టీడీఎస్ కోయాలి. చలానాలో టాన్ తప్పు పడితే కట్టిన డబ్బు ఆయన ఖాతాలో కనిపించదు. ఆయన వచ్చి మిమ్మల్నే అడుగుతాడు. పైగా 10 వేల జరిమానా పడే అవకాశం ఉంది. పంపేముందు ఇన్‌కమ్ ట్యాక్స్ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో 'నో టాన్ డీటెయిల్స్' నొక్కితే పేరు సరిచూసుకోవచ్చు, ఓటీపీ వస్తుంది. జీఎస్టీ పోర్టల్‌లో 'సెర్చ్ టాక్స్‌పేయర్'కి లాగిన్ కూడా అక్కర్లేదు.

ఎడిటింగ్ ఎక్కడ చేయాలి?

మా సలహా గూగుల్ డాక్స్. సిగ్నల్ ఉన్నచోట ఫైల్ పక్కన మూడు చుక్కలు నొక్కి 'మేక్ అవైలబుల్ ఆఫ్‌లైన్' పెట్టుకోండి. కొండ మీద నెట్ లేకపోయినా ఎడిట్ అవుతుంది, నెట్ రాగానే సేవ్ అవుతుంది. అసలు ఫైల్ డాక్స్‌లో ఉంచుకుని, పంపేటప్పుడు మాత్రమే పీడీఎఫ్ చేయండి.

'ఫ్రీ పీడీఎఫ్ ఎడిటర్' సైట్లు మాకు అస్సలు నచ్చవు. యాడ్‌ల గోల ఎలాగోలా భరించొచ్చు. కానీ పాన్, బ్యాంక్ ఖాతా, సంతకం మూడూ ఉన్న బిల్లును ముక్కూ మొహం తెలియని సర్వర్‌కి ఇచ్చేస్తున్నారు. ఇక డిజిటల్ సంతకం ఉన్న టీడీఎస్ సర్టిఫికెట్‌లో ఒక్క అంకె మార్చినా ఆ సంతకం చెల్లదు. అందులో తప్పుంటే మీరు దిద్దొద్దు, ఇచ్చినవాళ్లనే రిటర్న్ సవరించి కొత్తది ఇమ్మనండి.