ఉష్ణచికిత్స కొలిమి: ఎంపిక, వాడకం, భద్రత

హైదరాబాదు తూర్పు భాగంలో ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి పారిశ్రామిక వాడలు దాదాపు ఒకదానినొకటి ఆనుకొని ఉండగా, వాటికి చేరువలోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, ఉప్పల్ రోడ్డు మీద 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, మౌలాలి సమీపంలో 1971లో నెలకొన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉన్నాయి. ఇటువంటి చోట్ల సాగే పనులకు కావలసిన వేడి ఎంత భిన్నంగా ఉంటుందో గమనిస్తే, కొలిమి ఎంపికలోని చిక్కు బోధపడుతుంది. ఆహారపదార్థంలోని ఖనిజాంశాన్ని తెలుసుకోవడానికి నమూనాను సుమారు 550 డిగ్రీల సెల్సియస్ వద్ద బూడిద చేస్తారు; పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పట్టికలలో కనిపించే బూడిద పాళ్లు ఈ కోవకు చెందిన కొలతలే. శిలను పొడి చేసి 950 నుంచి 1000 డిగ్రీల వద్ద కాల్చి, తగ్గిన బరువును బట్టి అందులో బంధితమై ఉన్న నీరు, కార్బన్ డయాక్సైడ్ వంటి వాటి పాళ్లను అంచనా వేస్తారు. యంత్రాల షాఫ్టులకు వాడే ఈఎన్ 24 ఉక్కును 830 నుంచి 850 డిగ్రీల వరకు కాచి నూనెలో ముంచుతారు. అణు రియాక్టర్లకు ఇంధనమైన యురేనియం డయాక్సైడ్ బిళ్లలను హైడ్రోజన్ వాతావరణంలో సుమారు 1700 డిగ్రీల వద్ద గట్టిపరుస్తారు. ఈ నాలుగు పనులనూ ఒకే కొలిమి చేయలేదు. చేయగలదని అమ్మకందారు చెప్పినా నమ్మరాదు.

వర్క్‌షాపులలో హీట్ ట్రీట్‌మెంట్ అని పిలిచే ఉష్ణచికిత్స, లోహం ఆకారాన్ని మార్చకుండా దాని గుణాన్ని మార్చే ప్రక్రియ. కార్బన్ ఉక్కును 727 డిగ్రీలు దాటించినప్పుడు అందులోని ఇనుప పరమాణువుల అమరిక మారడం మొదలై, ఆస్టెనైట్ అనే రూపం ఏర్పడుతుంది. ఈ రూపం కార్బన్‌ను ఎక్కువగా తనలో ఇముడ్చుకోగలదు. దానిని నూనెలోనో నీటిలోనో వేగంగా చల్లార్చితే కార్బన్ బయటపడే వ్యవధి లేక, మార్టెన్‌సైట్ అనే అతి కఠినమైన, పెళుసైన రూపం వస్తుంది. ఆ పెళుసుతనాన్ని తగ్గించడానికి మళ్లీ తక్కువ వేడిలో కొంతసేపు ఉంచడమే టెంపరింగ్.

కాయిల్, వాయువు, గది

విద్యుత్ కొలిమి ఎంతవరకు వేడెక్కగలదో ముఖ్యంగా దానిలోని తాపక మూలకం, అంటే కాయిల్, నిర్ణయిస్తుంది. నికెల్, క్రోమియం కలిసిన నైక్రోమ్ తీగ సుమారు 1200 డిగ్రీల వరకు, ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంథాల్ రకం తీగ సుమారు 1400 డిగ్రీల వరకు తట్టుకుంటాయి. వాటికి మించి సిలికాన్ కార్బైడ్ కడ్డీలు, ఇంకా పైకి వెళ్లాలంటే మాలిబ్డినం డైసిలిసైడ్ మూలకాలు వాడతారు. ఇవి మూలకం ఉపరితలం తట్టుకునే హద్దులు మాత్రమే. కొలిమి గది కంటే కాయిల్ ఎప్పుడూ ఎక్కువ వేడిగా ఉంటుంది గనుక, 1200 డిగ్రీలదని అమ్మే కొలిమిని రోజూ 1100 డిగ్రీల దగ్గర నడిపితేనే కాయిల్ చాలాకాలం మన్నుతుంది.

వేడి ఎంతన్నది తేలాక, ఆ వేడిలో వస్తువు చుట్టూ ఏ వాయువు ఉండాలన్నది తేల్చుకోవాలి. మామూలు గాలిలో 850 డిగ్రీల వద్ద ఉంచిన ఉక్కు పైపొర పొలుసుగా రాలిపోవడమే కాక, ఉపరితలంలోని కార్బన్ ఆక్సిజన్‌తో కలిసి వెళ్లిపోవడం వల్ల, లోపల గట్టిపడిన వస్తువు (జాబ్) పైన మెత్తగా మిగులుతుంది. తరువాత గ్రైండింగ్ ఉన్న భాగానికి ఈ నష్టం పెద్దది కాదు. కొలతలు ముందే పూర్తయిన డైకి అదే నష్టం ప్రాణాంతకం. రియాక్టర్లకు వాడే జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాలు వేడిలో ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్‌లను పీల్చుకొని పెళుసుబారతాయి గనుక, వాటిని వాక్యూమ్ కొలిమిలోనే కాచాలి. యురేనియం డయాక్సైడ్ సంగతి వేరు: అందులో అదనంగా చేరిన ఆక్సిజన్‌ను తొలగించడానికి హైడ్రోజన్ కావాలి. ఆ వాయువులో మాలిబ్డినం లోహపు కాయిల్ నిక్షేపంగా పనిచేస్తుంది, గాలి తగిలితే మాత్రం దాని ఆక్సైడ్ ఆవిరైపోయి కాయిల్ హరించుకుపోతుంది.

ప్రయోగశాలలో తరచుగా కనిపించే మఫిల్ ఫర్నేస్‌లో, నమూనా ఉండే పింగాణీ గది కాయిల్‌ను నమూనా నుంచి వేరుచేస్తుంది. అందువల్ల క్లోరైడ్లు, గంధకం ఉన్న పొగలు తీగను త్వరగా తినివేయవు. అయినప్పటికీ పిండి, నూనెగింజల వంటి నమూనాలను ముందుగా పొగగూడులో హాట్‌ప్లేట్ మీద మాడ్చి, పొగ ఆగాకనే మఫిల్‌లో పెట్టడం సరైన పద్ధతి.

గది అంతటా వేడి సమానంగా ఉండటం మరొక పరీక్ష. తలుపు వైపు సాధారణంగా వెనుకవైపు కంటే చల్లగా ఉంటుంది. విమాన భాగాల తయారీలో పాటించే ఏఎంఎస్ 2750 ప్రమాణం కొలుములను ఆరు తరగతులుగా విభజించి, మొదటి తరగతికి 3 డిగ్రీలు, అయిదవ తరగతికి 14 డిగ్రీలు, ఆరవ తరగతికి 28 డిగ్రీల మేరకే అటూఇటూ తేడాను అనుమతిస్తుంది. మధ్యరకం పెట్టె కొలిమిలో ఎనిమిది మూలలా, నడుమన ఒకటి చొప్పున వేడిని కొలిచే తొమ్మిది థర్మోకపుల్‌లు అమర్చి ఈ తేడాను కొలుస్తారు.

అంకె చెప్పే అబద్ధం

రెండు వేర్వేరు లోహపు తీగల కొసలను కలిపి ఒకవైపు వేడిచేస్తే స్వల్ప విద్యుత్ పీడనం పుడుతుందని జర్మన్ శాస్త్రవేత్త సీబెక్ 1821లో చేసిన పరిశోధనల నుంచి తెలిసింది. థర్మోకపుల్‌కు అదే ఆధారం. కె రకం థర్మోకపుల్ చాలా పనులకు సరిపోతుంది, 1200 డిగ్రీలు దాటే నిరంతర వాడకానికి ప్లాటినం, రోడియం తీగల ఎస్ లేదా బి రకం కావాలి. థర్మోకపుల్ తల నుంచి, వేడిని నియంత్రించే కంట్రోలర్ ఉన్న ప్యానెల్ వరకు దానికి తగిన కాంపెన్సేటింగ్ కేబుల్‌నే లాగాలి. మరమ్మత్తులో ఎవరైనా మామూలు రాగి తీగ వేస్తే, తల వద్ద 60 డిగ్రీలు, ప్యానెల్ వద్ద 30 డిగ్రీలు ఉన్నప్పుడు కంట్రోలర్ సుమారు 30 డిగ్రీలు తక్కువగా చూపుతుంది. అంటే తెర మీద 850 కనిపిస్తున్నప్పుడు లోపల జాబ్ 880 వద్ద ఉడుకుతూ, దాని స్ఫటికాలు ముతకబారుతుంటాయి. కేబుల్ తీగల రంగులూ మోసం చేస్తాయి: మామూలు వైరింగ్‌లో ఎరుపును ధనధ్రువంగా చూడటానికి అలవాటుపడిన ఎలక్ట్రీషియన్, అమెరికన్ పద్ధతి కేబుల్‌లో ఎరుపు రుణధ్రువమని తెలియక తిరగవేసే అవకాశం ఉంది.

కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే సాలిడ్ స్టేట్ రిలే చెడిపోయినప్పుడు తరచుగా మూసుకున్న స్థితిలోనే ఉండిపోతుంది. అప్పుడు కంట్రోలర్ ఆపమన్నా కాయిల్ కాలుతూనే ఉంటుంది. కనుక రెండవ థర్మోకపుల్, దానికి వేరుగా మరో కంట్రోలర్, ఆ రెండూ కలిసి తెంచే ఒక కాంటాక్టర్ ప్రతి కొలిమికీ ఉండాలి. తలుపు తెరవగానే కాయిల్‌కు కరెంటు ఆగే లిమిట్ స్విచ్ కూడా తప్పనిసరి, ఎందుకంటే ఇనుప పటకారు కాయిల్‌కు తగిలితే షాక్ కొడుతుంది.

ప్రమాదాల దారులు

గేర్ల పైపొరను గట్టిపరచడానికి మిథనాల్ వంటి ద్రవాన్ని కొలిమిలోకి చుక్కలుగా వదిలి కార్బన్ ఎక్కించే గ్యాస్ కార్బురైజింగ్‌లో, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ పుడతాయి. కొలిమి 760 డిగ్రీలు దాటకముందే ఆ ద్రవాన్ని వదిలితే వాయువు కాలకుండా పోగై, నిప్పు అందిన క్షణంలో పేలుతుంది. అందువల్ల చల్లని కొలిమిని ముందు నైట్రోజన్‌తో కడగాలి. కరెంటు పోయినప్పుడు నైట్రోజన్ వాల్వు దానంతట అది తెరుచుకునేలా అమర్చాలి. ఆర్గాన్ వాడే గుంత కొలిమిలోకి మరమ్మత్తుకు దిగేముందు ఆక్సిజన్ కొలవాలి, ఎందుకంటే గాలి కంటే బరువైన ఆ వాయువు అడుగున నిలిచి, వాసనైనా లేకుండా ఊపిరి తీస్తుంది.

కాచిన ఉక్కును ముంచే నూనె తొట్టిలో మంట పుట్టడానికి తరచుగా కారణమయ్యేది, క్రేన్ ఆగి సగం మునిగి సగం తేలిన, ఎర్రగా కాలిన జాబ్‌ల మోపు (చార్జి). తొట్టి అడుగున చేరిన కొద్దిపాటి నీరు కూడా ఆవిరై, నూనెను పొంగించి బయటికి చిమ్ముతుంది. ఈ మంట మీద నీళ్లు పోయకూడదు. కార్బన్ డయాక్సైడ్, పొడి లేదా నురుగు రకం ఆర్పే సాధనాలు వాడాలి. కరిగిన లవణంలో జాబ్‌ను కాచే ఉప్పు బట్టీలో తడి జాబ్ ముంచితే ఆ లవణం చిమ్మి మీద పడుతుంది. సయనైడ్ లవణం నైట్రేట్ లవణంతో కలిస్తే పేలుడు జరుగుతుంది.

నెమ్మదిగా హాని చేసేది కొలిమి గోడల్లోని సెరామిక్ ఫైబర్. చాలాకాలం సుమారు 1000 డిగ్రీలకు పైన వాడిన పాత దుప్పటిలో క్రిస్టోబలైట్ అనే స్ఫటిక సిలికా ఏర్పడుతుంది, ఆ ధూళి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. అటువంటి లైనింగ్‌ను నీటితో తడిపి, తగిన మాస్కు ధరించి తొలగించాలి. చీపురుతో ఊడ్చడం, గాలి పైపుతో ఊదడం మానాలి.

కొనుగోలు పత్రం మీద సంతకం చేసేముందు ఏ వస్తువు, ఎంత వేడి, ఎంతసేపు, ఏ వాయువులో, ఎంత తేడాను సహించగలదన్న అయిదు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉండాలి. గరిష్ఠ ఉష్ణోగ్రత, ధర వాటి తరువాతే చర్చకు రావాలి. కొన్న తరువాత థర్మోకపుల్‌ను చివరిసారి పరీక్షించిన తేదీని కొలిమి ముఖాన రాసి ఉంచాలి. ఆ తేదీ లేని కొలిమిలో జాబ్ పెట్టకపోవడమే మంచిది.