కర్రపెండలం దుంపకు రెండు రోజులే గడువు

కర్రపెండలం దుంప నేలలో ఉన్నంతకాలం పదిలంగా ఉంటుంది. కోతకొచ్చాక కొన్నాళ్లు తవ్వకుండా వదిలేసినా రైతుకు పెద్ద నష్టం లేదు. తవ్వి గట్టున వేస్తే మాత్రం రెండు మూడు రోజుల్లోనే లోపల నీలి, నలుపు చారలు పడతాయి, పిండి దిగుబడి పడిపోతుంది. దుంపలో మూడింట రెండు వంతుల దాకా నీరే. పిండి పాతిక నుంచి ముప్ఫై శాతం. తురిమితే సయనైడ్ విడుదల చేసే పదార్థం కూడా ఇందులో ఉంటుంది. కడిగి, ఎండబెట్టి, వేడి చేస్తే దాని బెడద తగ్గుతుంది. అందువల్ల ఈ పంటకు సాగు ఎంత ముఖ్యమో, తవ్విన వెంటనే దాన్ని పిండిగానో సగ్గుబియ్యంగానో మార్చడమూ అంతే ముఖ్యం.

తెలుగునాట ఈ పని ప్రధానంగా జరిగేది కాకినాడ జిల్లాలోని పెద్దాపురం, సామర్లకోట ప్రాంతంలో. చుట్టుపక్కల మెట్ట మండలాల ఎర్ర నేలల్లో పండిన దుంప అక్కడి సగ్గుబియ్యం మిల్లులకు చేరుతుంది. పెద్దాపురంలోని ఉద్యాన పరిశోధన స్థానం దుంప పంటల మీదే పనిచేస్తుంది. దేశంలో ఈ పరిశ్రమ పుట్టిల్లు తమిళనాడులోని సేలం. రెండో ప్రపంచయుద్ధం వల్ల మలయా వైపు నుంచి సరుకు రావడం ఆగిపోయినప్పుడు, 1943 ప్రాంతంలో, అక్కడి వ్యాపారులు స్థానిక దుంపతో సగ్గుబియ్యం తయారీకి దిగారు. కొరత తీర్చడానికి మొదలైన పని స్థిరమైన పరిశ్రమగా నిలిచింది. 1981లో సేలంలో తయారీదారులు సహకార సంఘం పెట్టుకుని, సరుకును వేలంలో అమ్ముకునే ఏర్పాటు చేసుకున్నారు. ఆధునికీకరణ అంటే యంత్రాలే గుర్తొస్తాయి గానీ, చిన్న మిల్లుకు ధర నిలబెట్టే ఇలాంటి ఏర్పాటు కూడా అందులో భాగమే.

పాత పద్ధతి మిల్లులో మొదటి పని దుంప చెక్కు తీయడం. ఆడవాళ్లు వరసగా కూర్చుని కత్తులతో చెక్కు ఒలుస్తారు. కడిగిన దుంపను పళ్లున్న డ్రమ్ము తురుముతుంది. ఆ తురుమును నీళ్లతో జల్లెడ పడితే పాలలాంటి ద్రవం కిందికి దిగుతుంది, పిప్పి పైన మిగులుతుంది. పాలను తొట్లలో గంటల తరబడి కదపకుండా ఉంచితే పిండి అడుగున గట్టిగా పేరుకుంటుంది. పై నీరు వదిలేసి, ఆ ముద్దను పొడిచేసి, గుడ్డలో వేసి ఊపుతూ పూసలుగా కట్టిస్తారు. ఇప్పుడు చాలాచోట్ల ఈ పని ఊగే యంత్రానిది. పూసలను జల్లెడతో సైజుల వారీగా వేరుచేసి వేడి పెనాల మీద వేయిస్తే పైపొర ఉడికి గట్టిపడుతుంది. ఆ తర్వాత సిమెంటు కళ్లాల్లో ఎండబెడతారు. పాయసంలో పూస కరిగిపోకుండా నిలిచేది ఆ వేయింపు వల్లే.

ఈ వరసలో సరుకు ఎక్కువగా పాడయ్యేది తొట్టి దగ్గర. పిండి నెమ్మదిగా దిగుతున్నంతసేపూ నీళ్లలో పులుపు పెరుగుతుంది, రంగు మారుతుంది. ఆ రంగు కప్పిపుచ్చడానికి కొందరు బ్లీచింగ్ రసాయనాల వైపు వెళ్తారు. కొనేవాళ్లు తెలుపును చూసి ధర కడుతున్నంతకాలం ఈ తప్పుదారి మూతపడదు. తొట్ల బదులు సెంట్రిఫ్యూజులు, హైడ్రోసైక్లోన్లు పెడితే గంటల పని నిమిషాల్లోకి వస్తుంది, పిండి సహజంగానే తెల్లగా ఉంటుంది. కళ్లం బదులు వేడిగాలి డ్రయర్ ఉంటే మబ్బు పట్టినా మిల్లు ఆగదు. బట్టల గంజికి, కాగితానికి, అట్టపెట్టెల జిగురుకు, మందు మాత్రలకు పిండి అమ్మాలంటే ప్రతి బస్తాలోనూ తేమ, నాణ్యత ఒకేలా ఉండాలి. కళ్లంలో ఎండిన సరుకుకు ఆ హామీ ఇవ్వడం కష్టం. అయితే ఇన్ని యంత్రాలకు సరిపడా దుంప ఏడాది పొడుగునా రాదు. కోత కాలం ముగిశాక పెట్టుబడి ఖాళీగా కూర్చుంటుంది. చెక్కు తీసే యంత్రం వస్తే ఆ ఆడవాళ్ల కూలీ పోతుందన్నదీ చిన్న విషయం కాదు.

యంత్రం ఎంత మంచిదైనా, దుంప మూడో రోజున మిల్లు గేటు చేరితే ఫలితం సగమే. ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో ఈ చిక్కుకు ఒక జవాబు దొరికింది. తురిమి, నీరు పిండే యంత్రాలను లారీ మీద పొలాల దగ్గరికే తీసుకెళ్లి, నిల్వ ఉండే ముద్దగా మార్చి, దానితో 2011లో బీరు తయారు చేశారు. తెలంగాణలోనూ ఇదే ఆలోచన మరో పంటతో నడిచింది. తీపి జొన్న కాడ కోశాక రసం త్వరగా తగ్గిపోతుంది. అందుకని పటాన్‌చెరు ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మెదక్ జిల్లా ఇబ్రహీంబాద్‌లో ఊరి దగ్గరే కాడ ఆడించి, రసాన్ని పాకంగా కాచి ఇథనాల్ డిస్టిలరీకి పంపే ప్రయోగం చేశారు. గోదావరి మెట్టలో మిల్లుకు దూరంగా ఉన్న ఊళ్లకు ఇలాంటి చిన్న కేంద్రం కొత్త పెద్ద మిల్లు కంటే ఎక్కువ మేలు చేయగలదు. అక్కడ దుంపను తురిమి, పిండి ముద్దను మాత్రమే మిల్లుకు పంపితే నీరు మోసే కిరాయి కూడా తగ్గుతుంది.

ఇక మిగిలింది మురుగునీరు. టన్ను దుంపకు వేల లీటర్ల నీళ్లు కావాలి. బయటికి వచ్చే నీరు పుల్లగా, పిండి నలుసులతో, కొంత సయనైడ్‌తో ఉంటుంది. అలాగే వదిలితే కాలువలో ఆక్సిజన్ అడుగంటి చేపలు చస్తాయి, ఊరంతా కంపు కొడుతుంది. పక్కపక్కనే వెలిసిన ఫ్యాక్టరీలు నీటిని పట్టించుకోకపోతే ఏమవుతుందో సంగారెడ్డి జిల్లా కాజీపల్లి, బొల్లారం, పటాన్‌చెరు చూపించాయి. అక్కడి చెరువుల కాలుష్యం 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. తర్వాత పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చినా, దాన్నుంచి బయటికొచ్చే నీటిలోనూ మందుల అవశేషాలు చాలా ఎక్కువగా ఉన్నాయని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. రకరకాల రసాయనాలు కలిసిన నీటిని శుభ్రం చేయడం అంత కష్టం.

సగ్గుబియ్యం మిల్లుల పరిస్థితి ఇంత జటిలం కాదు. అన్ని మిల్లుల నుంచీ వచ్చేది దాదాపు ఒకే రకం నీరు, అందులో ఉన్నది ఎక్కువగా సూక్ష్మజీవులు తినగల పదార్థమే. గాలి చొరబడని ట్యాంకులో మురగబెడితే గ్యాస్ వస్తుంది. థాయ్‌లాండ్‌లోని పిండి ఫ్యాక్టరీలు ఆ గ్యాస్‌తోనే డ్రయర్లు నడుపుతాయి, కరెంటు తీస్తాయి. సేలంలోనూ చాలా మిల్లులు ఈ దారి పట్టాయి. చిన్న మిల్లు ఒంటరిగా పెట్టుకోలేని ఈ ట్యాంకును నాలుగైదు మిల్లులు కలిసి కట్టుకోవచ్చు. పిప్పి ఎండబెట్టి పశువుల దాణాకు అమ్మితే కొంత ఖర్చు తిరిగొస్తుంది. గ్యాస్‌తో పెనాలు వేడెక్కితే కట్టెల ఖర్చు మిగులుతుంది.