బి.ఏ. చదువుకు వ్యాపార విద్య తోడు
సురంగల్ (మొయినాబాద్): చరిత్ర, రాజనీతి, సాహిత్యాలపై మక్కువ ఉన్నా ఉపాధి భయంతో బి.కాం. వైపు మొగ్గే విద్యార్థులు గ్రామీణ ప్రాంతాల్లో ఎందరో. ఇష్టమైన బి.ఏ. చదువుతూనే వ్యాపార విద్యను ఉపాంశంగా అభ్యసించడం వీరికి మరో మార్గం. దీనినే మైనర్ అంటారు. అయితే దాని ప్రయోజనంతో పాటు పరిమితులూ తెలుసుకొని చేరాలి.

ఉపాంశం అంటే..
విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో వెలువరించిన విధివిధానాల ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు అవసరం. వీటిలో ప్రధానాంశానికి 60, ఉపాంశానికి 24 కేటాయించారు. నాలుగేళ్ల ఆనర్స్‌లో మొత్తం 160 కాగా, ఇవి వరుసగా 80, 32. తరగతి బోధనలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టరుకు 15 గంటలు. ఆ లెక్కన 24 క్రెడిట్లనూ వ్యాపార పాఠాలకే వినియోగిస్తే 360 గంటల చదువు అవుతుంది.

స్థానికంగా ఉపయోగం
ఖాతాల నిర్వహణ, మార్కెటింగ్, వ్యాపార చట్టాలు, ఆర్థిక నిర్వహణ ఇందులో ముఖ్యమైనవి. చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల్లో కూరగాయలు, పూల సాగు విస్తారం. ఎరువులు, కూలీల ఖర్చును మాత్రమే లెక్కిస్తే పాలీహౌస్ లాభసాటిగానే కనిపిస్తుంది. బ్యాంకు రుణంపై వడ్డీ, కొన్నేళ్లకు మార్చాల్సిన పాలిథిన్ కప్పు, రవాణా, కమీషన్ కలిపితే అసలు సంగతి తేలుతుంది. అర్థశాస్త్రం ధరల ఒడుదొడుకులకు కారణం చెబితే, ఖాతాల చదువు ఆ ధరకు గిట్టుబాటవుతుందో లేదో చెబుతుంది.

ఎక్కడ వీలుంది?
ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 విద్యా సంవత్సరం నుంచి ఒక ప్రధానాంశం, ఒక ఉపాంశంతో డిగ్రీ విధానం ప్రవేశపెట్టారు. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ ద్వారా జరుగుతున్నాయి. కోర్సుల కూర్పు కళాశాలను బట్టి మారుతుంది. కనుక ఐచ్ఛికాలు నమోదు చేసే ముందే బి.ఏ.లో వాణిజ్యశాస్త్రం కలిసిన కూర్పు ఉన్నదీ లేనిదీ కళాశాలలో విచారించుకోవాలి.

ఆ అవకాశం లేనివారు నిరాశపడనవసరం లేదు. కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ వేదికలో వ్యాపార పాఠాలను ఉచితంగా వినవచ్చు. ధ్రువపత్రం కావాలంటే రుసుము చెల్లించి పరీక్ష రాయాలి. ఒక డిగ్రీ కళాశాలలో, మరొకటి దూరవిద్యలో ఏకకాలంలో చదివేందుకు యూజీసీ 2022లో అనుమతించింది. ముందుగా విశ్వవిద్యాలయ నిబంధనలు కనుక్కోవాలి.

ఇవి మరువరాదు
* ఉపాంశం వల్ల బి.ఏ. కాస్తా బి.కాం. కాదు. ఎం.కాం. ప్రవేశానికి సాధారణంగా బి.కాం. లేదా తత్సమాన డిగ్రీ అడుగుతారు.
* ఎం.బి.ఏ.కు ఈ చిక్కు లేదు. ప్రాచ్య భాషల డిగ్రీలు మినహా ఏ మూడేళ్ల డిగ్రీ అయినా 50 శాతం మార్కులతో, రిజర్వుడు వర్గాల వారు 45 శాతంతో ఐసెట్ రాయవచ్చు.
* ఉపాంశం పేరు మార్కుల జాబితాలో నమోదవుతుందో లేదో ముందే అడగాలి. లేనిపక్షంలో చదివినట్లు ఉద్యోగమిచ్చేవారికి చూపడం కష్టం.
* ఖాతాల అధ్యాపకుడు ఉన్నారా, తరగతులు ప్రధానాంశం వేళలకు అడ్డురావా అన్నదీ చూసుకోవాలి.