వంటయింటి సిమెంటు గట్టు

కూర్చుండి వండు పొయ్యి పోయి, నిలువఁబడి వండు గట్టు మన యిండ్లలోనికి వచ్చినది. ఆ గట్టుమీఁది బండ యెట్లుండవలయునో తఱచుగా మేస్త్రీయో, ఇంటి యజమానుఁడో నిర్ణయింతురు. దానిమీఁద నిత్యము పనిచేయునది మాత్రము గృహిణి. కావున దాని గుణదోషములు ఆమెకే ముందుగాఁ దెలియవలయును.

అనంతపుర మండలమున తాడిపత్రి నల్లబండయే చిరకాలముగా వాడుకలో నున్నది. ఇప్పుడు కొందఱు సిమెంటు కాంక్రీటుతో గట్టు పోయించుచున్నారు. అది అతుకులు లేక, ఇంటి కొలతకు సరిపడునట్లు, కోరిన రంగులో నమరును. అయితే ఆఱడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళముల మందము గల పలక 130 కిలోలకు మించి తూఁగును. క్రింద గట్టి గోడలు లేక దానిని నిలుపరాదు.

తాడిపత్రి బండయు, సిమెంటును ఒక్క తల్లి బిడ్డలు. రెంటికిని మూలము సున్నపురాయియే. కావున రెంటికిని శత్రువు పులుపు. చింతపండు పులుసు, నిమ్మరసము పడి నిలిచినచో నునుపు పోయి తెల్లని మచ్చ యేర్పడును. గ్రానైటునకు ఈ బాధ లేదు.

సిమెంటు గట్టునకు మన సీమలోఁ గల పెద్ద చిక్కు నీరు. ఇచ్చట ఏఁటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. సిమెంటు ఆరుటచేఁ గట్టిపడునది కాదు; నీటితోఁ గలిసి గట్టిపడునది. వేఁడిగాలికి పైతడి యారినంతనే పని ముగిసినదని తలఁచినచో, పలక బలహీనమై బీఁటలు వాఱును, పొడి రాలును. వేఁడిమియు, పొడిగాలియు నున్న చోట్ల కనీసము 10 దినములు తడి యారకుండఁ గాపాడవలయునని భారతీయ ప్రమాణము 456 (2000) విధించుచున్నది. ఇంటికి నీరు మోయునది గృహిణియే యైనచోట ఈ భారమును ఆమెమీఁదనే పడును.

అందుచేత వైశాఖమునఁ గాక, వానలు పడు శ్రావణభాద్రపదములలో గట్టు పోయించుట మేలు. తడిపిన గోనెసంచులు పఱచి, పైని ప్లాస్టిక్ పట్టా కప్పినచో కొద్ది నీరే చాలును. ఉప్పునీరు వాడరాదు, లోపలి యినుపకమ్మి త్రుప్పు పట్టును. పూర్వము సున్నపు గచ్చులో బెల్లపునీరు, కరక్కాయనీరు కలుపువారు. సిమెంటులో బెల్లము కలిపినచో అది సరిగా గట్టిపడదు; ఆ యాచారము దీనికిఁ బనికిరాదు.

పలక బాగుగా గట్టిపడిన పిదప, ఆహారమునకు హాని చేయని సీలరు పూఁత వేయింపవలయును. నీటిబొట్టు పైని నిలువక లోని కింకి నల్లబడినచో, మరల పూఁత వేయుటకుఁ గాలము వచ్చినదని యెఱుఁగుఁడు. పులుసు చిందినచో వెంటనే తుడువుఁడు. వేఁడి సంగటి పాత్రను చుట్టకుదురుమీఁదనే దింపుఁడు. కూరలు చెక్కపలకపైఁ దరుగుఁడు. ఆమ్లము గల శుభ్రపు ద్రావకములు మాని, మెత్తని గుడ్డయు సబ్బునీరును వాడుఁడు. వెండ్రుకవంటి సన్నని బీఁటలు సహజములు. గోరు పట్టునంతగా నెలనెలకు వెడల్పగు బీఁటను మాత్రము చూపించుకొనవలయును.

గట్టు పోయించుటకు ముందు మేస్త్రీని ధర యొక్కటియే యడుగకుఁడు. పది దినములు దీనిని తడుపువా రెవరు, ఏ నీటితోఁ దడుపుదురు అని యడుగుఁడు. దానికి సరియైన సమాధానము దొరకని యింట తాడిపత్రి బండయో, గ్రానైటు పలకయో వేయించుకొనుటయే యుక్తము.