చెట్టు నీడకు చల్లదన మెక్కడిది?

వైరా నది ఒడ్డున గల మధిరలో వేసవి ఎండ 40 డిగ్రీల సెంటిగ్రేడును దాటుట పరిపాటి. సెలవులలో సాయంకాలము నాలుగింటికే పిల్లలు పార్కునకు చేరుదురు; వారి వెంట పెద్దలును వత్తురు. అచ్చట వేపచెట్టు క్రింద దొరకు హాయి రేకుల పందిరి క్రింద దొరకదు. రెండును నీడలే కదా! ఈ భేద మెందువలన?

రేకు ఎండను అడ్డగించును గాని, తాను కాలి ఆ వేడిని క్రిందివారిపై ప్రసరింపజేయును. ఆకు అట్లు కాదు. వేళ్ళు పీల్చిన నీరు ఆకులోని సూక్ష్మరంధ్రముల గుండా ఆవిరియై పోవును. దీనినే బాష్పోత్సేక మందురు. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కాలరీల ఉష్ణము కావలెను. ఆ ఉష్ణము ఆకునుండియు, చుట్టునున్న గాలినుండియు పోవును. కావుననే ఆకు అంతగా వేడెక్కదు. ఒక లీటరు నీటిని ఆవిరిచేయు వేడితో, 30 డిగ్రీల వద్దనున్న 8 లీటర్ల నీటిని మరుగుస్థితికి తేవచ్చును. కుండలో నీరు చల్లబడుటయు ఈ సూత్రము వలననే.

విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. ఎండలోనున్న ఒక రెమ్మకు పాలిథిన్ సంచి తొడిగి మూతి బిగించి కట్టిన, గంటసేపటికి లోపల నీటిబిందువులు కనబడును.

నేలలో తడి లేనపుడు చెట్టు ఆ రంధ్రములను మూసికొనును, చల్లదనము తగ్గును. కనుక మొక్కలు నాటుటతో పని తీరదు, వేసవిలో నీరు పోయవలెను. సిమెంటు బాటలు, గోడలు పగటి వేడిని దాచి రాత్రి విడుచును. పాత చెట్టొకటి కొట్టి పది మొక్కలు నాటినను, అవి ఎదుగువరకు ఆ వీధి పసిపిల్లలు, వృద్ధులు ఆ వేడిని భరింపవలసినదే.