కరుప్పన్ ఎక్కడ చెడిపోయాడు?

మనిషి పుట్టుకతోనే దుష్టుడా అన్న ప్రశ్నకు పురాణాల దాకా పోకముందు హోసూరు పక్కనున్న తొరపల్లికి వెళ్దాం. 1878లో ఆ ఊళ్లో పుట్టిన రాజాజీ ‘దిక్కట్ర పార్వతి’ అనే తమిళ కథ రాశారు. మన సింగీతం శ్రీనివాసరావు దాన్ని 1974లో తమిళ సినిమాగా తీశారు, అదీ తొరపల్లిలోనే. కరుప్పన్ పెళ్లాం పార్వతిని ప్రేమగా చూసుకునే పల్లెటూరి మనిషి. తాగుడు మరుగుతాడు, అప్పులపాలవుతాడు. అప్పిచ్చిన ఇంటివాడి కన్ను పార్వతి మీద పడుతుంది. కరుప్పన్ వాడి మీద దాడి చేసి జైలుకు పోతాడు, ఆమెకు దిక్కు లేకుండా పోతుంది. ఇందులో పుట్టు రాక్షసుడంటూ లేడు. మంచివాడే మెట్టు మెట్టుగా దిగజారతాడు, అతను దిగిన ప్రతిసారీ ఇంకెవరికో ఏదో ఒకటి గిట్టుబాటవుతుంది. కథకు ఆయువుపట్టు కల్లు కాదు, ఈ గిట్టుబాటే అని నేననుకుంటాను.

రాజాజీకి ఇది కథ వరకే పరిమితమైన నమ్మకం కాదు. 1937లో మద్రాసు ప్రధాని అయ్యాక అక్టోబరు 1 నుంచి సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. హోసూరు, కృష్ణగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. బుద్ధే పుట్టు వంకరదైతే కల్లు దుకాణం మూసి ఏం లాభం? మరి అప్పిచ్చిన ఇంటివాడి సంగతేమిటని అడగవచ్చు. అతనికి తాగుడు సాకు లేదు. నిజమే, కానీ దురాశ చాలామందికి పుడుతుంది, అందరికీ చెల్లదు. అతనికి చెల్లేలా చేసింది కరుప్పన్ బాకీ.

అసలు గట్టి ఆక్షేపణ కథలో లేదు, 2008 మే నెలలో ఉంది. కర్ణాటకలోనూ సరిహద్దుకు ఇవతల కృష్ణగిరి జిల్లాలోనూ మిథనాల్ కలిసిన కల్తీసారా 150 మందికి పైగా ప్రాణాలు తీసింది. చెడును పరిస్థితుల ఖాతాలో రాస్తే అది అమ్మినవాళ్లు కూడా పరిస్థితుల బాధితులేనా? ఇక్కడ వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ పనికొస్తాడు. 1954లో వచ్చిన అతని వేట కథల పుస్తకంలో దేన్కనికోట వైపు గుమ్మలాపురంలో మనుషుల్ని తిన్న చిరుతపులి ఉంది. కథ పేరులో దాన్ని దెయ్యమన్నాడు గానీ, చంపాక చూస్తే పంజాలో ఏదుపంది ముళ్లు విరిగి ఉన్నాయి. సహజమైన వేట చేతకాకే మనిషి మీద పడిందని తేల్చాడు. ఆ చిరుతకు వేరే దారి లేదు. సారాలో విషం కలిపినవాడికి ఉంది. మనిషి స్వభావమే చెడ్డదంటే, నిజానికి వాడిని చిరుత పక్కన నిలబెట్టి వదిలేసినట్టే. పుట్టుకకు ఎవరు మాత్రం జవాబుదారీ? అందుకే స్వభావవాదం కఠినంగా కనిపించే క్షమాపణ అంటాను.

1958లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన రాజాజీ రామాయణంలో కైక మీద ఇదే తీర్పు వెతకవచ్చు. రాముడి పట్టాభిషేకం మాట విని మంథరకు నగ బహూకరించిన కైకే, కాసేపటికి వరాలు అడిగింది. మంథర నూరిపోసిందన్నది కారణం. వినకుండా ఉండగలిగే మనసు కైకకు అప్పటికే ఉందనడానికి ఆ నగే సాక్ష్యం, కాబట్టి నేరం ఆమెదే.